ఫార్మసిస్టు రెసిడెన్సీ: ఆ ఏడాది జీతం ఎవరివ్వాలి?

(క్యారీ పరిసరాల తెలుగువారి కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పోయిన కార్యక్రమం చివర్లో ఒకావిడ ఫోన్ చేశారు. టైము అయిపోవడంతో సగంలోనే ఆపేయాల్సి వచ్చింది, ఏమీ అనుకోవద్దు. ఆవిడ అడిగింది ఇదీ. "మా అమ్మాయికి ఫార్మ్‌డి అయిపోవస్తోందండీ. హైస్కూలు తర్వాత ఇన్నేళ్ళు చదివింది. మందుల షాపులో ఉద్యోగం సిద్ధంగా ఉంది. అది వద్దట, ఇంకో ఏడాది రెసిడెన్సీ చేస్తుందట. జీతం సగం కూడా రాదు. ఈ చాకిరీ ఎందుకు? అంత అవసరమైన చదువే అయితే గవర్నమెంటు డబ్బివ్వొచ్చు కదా?"

ఆవిడ విసుగ్గా అన్నారుగానీ, ఆ చివరి ప్రశ్న మన నార్త్ కెరొలైనాలోనే కాదు, చాలా రాష్ట్రాల్లో ఫార్మసిస్టులు అడుగుతున్నదే. అందుకని ఈ రోజు సమయమంతా దానికే కేటాయించాను.

ముందు రెసిడెన్సీ అంటే ఏమిటో చూద్దాం. ఆ మాట వినగానే మనకి డాక్టర్లే గుర్తొస్తారు. ఫార్మసిస్టులకీ ఉంటుంది. అయితే ఒక తేడా. ఫార్మ్‌డి పట్టా వచ్చి, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్షా, రాష్ట్ర చట్టాల పరీక్షా పాసైనవాళ్ళు రెసిడెన్సీ లేకుండానే పనిలో చేరిపోవచ్చు. చట్టం అడ్డు చెప్పదు. డాక్టర్లకి ఆ వీలు లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, డబ్బు సంగతి వచ్చినప్పుడు కొంప ముంచేది ఇదే.

రెసిడెన్సీ మొదటి ఏడాదిని పీజీవై వన్ అంటారు. ఆ ఏడాదంతా లైసెన్సున్న ఫార్మసిస్టే, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో వార్డులూ, ఐసీయూ, అత్యవసర విభాగం, బయటి క్లినిక్కులూ తిరుగుతాడు. రెండో ఏడాది, అంటే పీజీవై టూ, కేన్సరు, పిల్లల జబ్బులు, అంటువ్యాధులు, మానసిక వైద్యం లాంటి ఏదో ఒక దానిలో ప్రత్యేక శిక్షణ. ఈ శిక్షణలకి గుర్తింపునిచ్చేది అమెరికన్ సొసైటీ ఆఫ్ హెల్త్ సిస్టమ్ ఫార్మసిస్ట్స్ అనే సంస్థ. 1960ల నుంచీ ఇస్తోంది, కాబట్టి ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఫ్యాషను కాదు.

అందులో నేర్చుకునేదేమిటో ఒక ఉదాహరణ చెబుతాను. మీ నాన్నగారు విజయవాడ నుంచి ఆరు నెలలకని వచ్చారనుకోండి. గుండె లయ తప్పడం వల్ల రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడుతున్నారు. ఇక్కడి క్లినిక్కులో నెలనెలా రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూస్తున్నారు. ఒక నెల లెక్క తప్పింది. కంప్యూటర్లో ఉన్న మందులన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎర్రజెండా ఏమీ రాలేదు. కానీ ఆయన సూట్‌కేసులో, మోకాళ్ళ నొప్పికని ఊళ్ళో కొనుక్కొచ్చిన నిమెసులైడ్ బిళ్ళలున్నాయి. అది అమెరికాలో ఎప్పుడూ ఆమోదం పొందని మందు. ఆయనంతట ఆయన చెబితే తప్ప ఇక్కడి సిస్టంలోకి రాదు. వార్ఫరిన్‌తో పాటు ఆ జాతి నొప్పి బిళ్ళలు మింగితే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. "ఇంటి నుంచి తెచ్చుకున్న మందులేమైనా ఉన్నాయా? ఆ డబ్బా ఒకసారి చూపిస్తారా?" అని కూర్చోబెట్టి అడిగే మనిషి కావాలి. అడగాలని తెలియడం ఒక ఎత్తు, జవాబు విన్నాక డాక్టరుకి ఫోన్ చేసి ఏ మందు ఆపాలో, ఎంత తగ్గించాలో ధైర్యంగా చెప్పగలగడం ఇంకో ఎత్తు. ఆ రెండోది క్లాసులో రాదండీ. పక్కన పెద్దవాళ్ళు ఉండగా వందలమందిని చూస్తేనే వస్తుంది.

ఇక జీతం. కార్మిక శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి అమెరికాలో ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 1,37,480 డాలర్లు. రెసిడెంటుకిచ్చే స్టైపెండు చాలాచోట్ల 50 వేలకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ తల్లిగారు సగం కూడా రాదన్నది అక్షరాలా నిజం. పైగా కాలేజీ అప్పు మీద వడ్డీ ఆగదు. అయినా 2010ల దశాబ్దమంతా ఉన్న సీట్లకంటే దరఖాస్తులే ఎక్కువ. అంటే తక్కువ జీతానికైనా నేర్చుకుంటామని పిల్లలు క్యూలో నిలబడ్డారు, నేర్పడానికే చోటు చాలలేదు. ఎందుకు చాలలేదు? రెసిడెంటు ఒక్కరి స్టైపెండుతో అయిపోదు. ఆరోగ్య బీమా ఉంది, గుర్తింపు ఫీజులున్నాయి, అన్నిటికంటే ముఖ్యంగా నేర్పే సీనియరు ఫార్మసిస్టు తన పనిలోంచి తీసి ఇవ్వాల్సిన గంటలున్నాయి. అదంతా ఆసుపత్రి నెత్తిన పడుతుంది.

డాక్టర్ల విషయంలో ఈ భారాన్ని ఎవరు మోస్తున్నారు? చాలావరకు మెడికేర్. 1965లో మెడికేర్ పుట్టినప్పుడే, డాక్టర్ల శిక్షణ ఖర్చుని సమాజం మరో దారిలో భరించే ఏర్పాటు చేసుకునేదాకా కొంత ఈ పథకమే మోయాలని కాంగ్రెస్ అనుకుంది. ఆ మరో దారి ఇప్పటిదాకా రాలేదు. 1997లో బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం వచ్చి, ఒక్కో ఆసుపత్రికి 1996 నాటి రెసిడెంట్ల సంఖ్య దగ్గర గీత గీసింది. దాని మీద డాక్టర్లకి ఇప్పటికీ కోపమే. కానీ ఆ గీత లోపల వాళ్ళకి ఏటా వందల కోట్ల డాలర్లు అందుతూనే ఉన్నాయి.

ఫార్మసిస్టులకి ఆ పెద్ద పద్దులో చోటు లేదు. నర్సింగు, అనుబంధ ఆరోగ్య విద్య అని పక్కన ఒక చిన్న పద్దు ఉంది, అందులోంచి వస్తుంది. లెక్క ఇలా ఉంటుంది. ఒక ఆసుపత్రి రెసిడెన్సీకి లక్ష డాలర్లు ఖర్చయిందనుకుందాం. అక్కడ చేరిన రోగుల్లో మెడికేర్ వాళ్ళ వంతు 40 శాతం అయితే, సుమారుగా 40 వేలు మెడికేర్ ఇస్తుంది. మిగతాది ఆసుపత్రి చూసుకోవాలి. అదైనా షరతులతో. శిక్షణని ఆసుపత్రి తానే సొంతంగా నడపాలి. పాఠ్యప్రణాళిక దాని చేతిలో ఉండాలి, రెసిడెంటు దాని ఉద్యోగి అయి ఉండాలి. యూనివర్సిటీ నడిపితే రాదు. ఊళ్ళో మందుల షాపు నడిపితే రాదు. డాక్టరు క్లినిక్కు నడిపితే రాదు.

రెండో ఏడాది సంగతి ఇంకా అన్యాయం. 2003 అక్టోబరు 1 నుంచి మెడికేర్ పీజీవై టూకి ఆ పాటి డబ్బు కూడా ఆపేసింది. వాళ్ళ వాదన ఏమిటంటే, ఉద్యోగంలో చేరడానికి ఆ శిక్షణ తప్పనిసరి అని ఈ రంగంలో ఆనవాయితీ ఉన్నట్టు రుజువు కాలేదు, కాబట్టి అది అదనపు చదువు కిందికే వస్తుంది అని. చూశారా, మొదట్లో గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడ ఎలా తగిలిందో! చట్టం అడగదు కాబట్టి డబ్బు రాదు. కేన్సరు వార్డులో కీమో మోతాదులు చూసే ఫార్మసిస్టు కావాలంటే రెండో ఏడాది శిక్షణ ఉన్నవాళ్ళే కావాలని ఆసుపత్రులు ప్రకటనల్లో అడుగుతున్నాయి. ఖర్చు మాత్రం ఎవరిదో తెలియదు.

ఇప్పుడు కొరత సంగతికొద్దాం. ఇక్కడ చాలామంది పొరబడతారు.

2000 డిసెంబరులో ఫెడరల్ ప్రభుత్వం ఫార్మసిస్టుల కొరత మీద కాంగ్రెస్‌కి ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. అప్పుడు దేశం మొత్తం మీద ఫార్మసీ కాలేజీలు సుమారు 80. 2020 నాటికి 140 దాటాయి. మన రాష్ట్రమే తీసుకోండి. 2000లో రెండే ఉండేవి: 1897 నాటి చాపెల్ హిల్ కాలేజీ, 1980లలో బ్యూయీస్ క్రీక్‌లో పెట్టిన క్యాంప్‌బెల్. 2003లో వింగేట్, 2016లో హై పాయింట్ వచ్చి చేరాయి. కాలేజీలు ఇన్ని పెరిగాక కొరత పోవాలి కదా? తల లెక్కన కొన్నాళ్ళు పోయింది కూడా. 2010ల్లో పిల్లలు ఎక్కువైపోతున్నారు, ఉద్యోగాలు దొరకవేమో అని భయపడ్డాం. ఆ తర్వాత దరఖాస్తులు పడిపోయి గాలి మళ్ళీ తిరిగింది. ఇదంతా సంఖ్యల కథ.

అసలు కొరత చూడాలంటే మన ఊళ్ళోంచే పోయే 64వ నంబరు రోడ్డెక్కండి. మనందరికీ తెలిసిన రోడ్డే. ఎండాకాలం సెలవుల్లో పులిహోర డబ్బాలు సర్దుకుని అవుటర్ బ్యాంక్స్ బీచికి బయలుదేరేది దాని మీదే. క్యారీలో ఎన్ని మందుల షాపులున్నాయో మనం లెక్కపెట్టం. పక్కనే వేక్‌మెడ్ ఆసుపత్రి, అరగంటలో డ్యూక్, చాపెల్ హిల్. తూర్పుగా రెండు గంటలు పోతే విలియమ్‌స్టన్ వస్తుంది. అక్కడి మార్టిన్ జనరల్ ఆసుపత్రి 2023 ఆగస్టులో మూతపడింది. ఇంకా ముందుకెళితే కొలంబియా అనే చిన్న ఊరు, టిరెల్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. ఆ కౌంటీ మొత్తానికి ఆసుపత్రి లేదు. మనం అక్కడ కాఫీకో, బాత్రూముకో ఆగి, పిల్లలు ఇంకెంత దూరమని గోల చేస్తుంటే మళ్ళీ బండెక్కుతాం. అక్కడి పెద్దవాళ్ళకీ షుగరుంది, బీపీ ఉంది, పన్నెండేసి మందులున్నాయి. ఇటు గొలుసు మందుల షాపులు తగ్గిపోతున్నాయి. సీవీఎస్ 2022 నుంచి 2024 దాకా సుమారు 900 షాపులు మూసేస్తానంది, వాల్‌గ్రీన్స్ 2024 అక్టోబరులో ఇంకో 1,200 అంది, రైట్ ఎయిడ్ 2025లో మొత్తానికే మూతపడింది. అవన్నీ మన రాష్ట్రంలోవి కావు, దేశమంతటా. కానీ ఆసుపత్రీ డాక్టరూ దూరంగా ఉన్న ఊళ్ళో షాపు పోతే, జనానికి ఎదురుగా కనిపించే చివరి వైద్య నిపుణుడు పోయినట్టే.

ఒక విషయంలో మాత్రం మన రాష్ట్రాన్ని మెచ్చుకోవాలి. ఫార్మసిస్టుకి పని అప్పగించడంలో నార్త్ కెరొలైనా వెనకబడలేదు, చాలా రాష్ట్రాలకంటే ముందుంది. 2000 జులై నుంచి ఇక్కడ క్లినికల్ ఫార్మసిస్ట్ ప్రాక్టిషనర్ అనే హోదా ఉంది. డాక్టరుతో ఒప్పందం రాసుకుని ఆ ఫార్మసిస్టు మందులు మొదలుపెట్టొచ్చు, మార్చొచ్చు, పరీక్షలు రాయొచ్చు. ఆ హోదాకి ఒక దారి రెసిడెన్సీ చేసి, ఆపైన రెండేళ్ళ అనుభవం చూపించడం. అనుభవం మీదా, సర్టిఫికెట్ల మీదా ఇంకా దారులున్నాయి. 2021లో చేసి, 2022 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టంతో మామూలు ఫార్మసిస్టులకీ పని పెరిగింది. కొన్ని గర్భనిరోధక మందులు, పొగాకు మాన్పించే నికోటిన్ మందులు, గర్భిణులకిచ్చే విటమిన్లు వంటివి రాష్ట్ర వైద్యాధికారి ఇచ్చిన ఉత్తర్వు మీద వాళ్ళే ఇవ్వొచ్చు.

పని అప్పగించారు సరే, నేర్పడానికి డబ్బు? క్లినిక్కు తానే సంపాదించుకుని ఇచ్చుకోవచ్చు కదా అంటారేమో. అదీ కుదరదు. మెడికేర్ పార్ట్ బి చట్టంలో సేవలందించేవాళ్ళ జాబితాలో ఫార్మసిస్టు పేరు లేదు. డాక్టరు గంట కూర్చుంటే ఒక బిల్లు, నర్స్ ప్రాక్టిషనరు కూర్చుంటే ఒక బిల్లు. ఫార్మసిస్టు కూర్చుంటే ఆయన పేరు మీద బిల్లు లేదు. డాక్టరు పేరు కింద చిన్న మొత్తానికి ఏదో చూపించుకోవాలి. ఆ జాబితాలో చేర్చమని కాంగ్రెస్‌లో బిల్లులు ఎన్నిసార్లు పెట్టారో, ఏదీ గట్టెక్కలేదు. అంచేత విలియమ్‌స్టన్ లాంటి ఊళ్ళో ఒక క్లినిక్కు రెసిడెంటుని పెట్టుకోవాలనుకున్నా, నేర్పినందుకు మెడికేర్ నుంచి రాదు, రెసిడెంటు చేసిన పనికీ సరిగ్గా రాదు.

ఆ ఖాళీలోకి రాగలిగింది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే అని నా అభిప్రాయం. అలా వచ్చిన రాష్ట్రం ఉందా అంటే ఉంది. మిన్నెసోటా 1996లో వైద్య విద్య, పరిశోధన ఖర్చుల కోసం ఒక నిధి ఏర్పాటు చేసింది. దాన్ని మెర్క్ అంటారు. మందుల కంపెనీ పేరు కాదండోయ్, ఆ నిధి పేరులోని మొదటి అక్షరాలు. అప్పట్లో బీమా కంపెనీలు రేట్లు బిగించేస్తుంటే, నేర్పే ఆసుపత్రులకి ఆ ఖర్చు ఎక్కడా రాబట్టుకోలేని పరిస్థితి వచ్చింది. నేర్పని ఆసుపత్రితో పోటీ పడి రేటు తగ్గించాలి, నేర్పే ఖర్చు మాత్రం అలాగే ఉంది. అందుకని రాష్ట్రం పూనుకుంది. సిగరెట్ల మీద పన్నులో కొంతా, మెడికెయిడ్ కింద ఫెడరల్ వాటా కొంతా కలిపింది. గొప్ప సంగతేమిటంటే డాక్టర్లతో ఆపలేదు. దంతవైద్యులు, నర్స్ ప్రాక్టిషనర్లు, వాళ్ళతో పాటు ఫార్మసీ విద్యార్థుల్నీ, ఫార్మసీ రెసిడెంట్లనీ కూడా అర్హుల జాబితాలో చేర్చింది. చెల్లింపుని శిక్షణ జరిగే చోటుతో ముడిపెట్టింది. కాలేజీ ఎక్కడుందని కాదు, రోగి పక్కన నిలబడి నేర్చుకుంటున్నది ఎక్కడ అని చూసింది. నాకు ఆ పద్ధతిలో నచ్చింది అదే.

మన దగ్గర ఆ పునాది లేదా? ఉంది. ఏరియా హెల్త్ ఎడ్యుకేషన్ సెంటర్లు, అందరూ ఏహెక్ అంటారు. 1972లో ఫెడరల్ డబ్బుతో దేశంలో మొదలైన తొలి 11 వాటిలో మనదొకటి. తర్వాత రాష్ట్ర శాసనసభ డబ్బు పెట్టి దాన్ని పెంచింది. ఇప్పుడు 9 ప్రాంతాల్లో కేంద్రాలున్నాయి. వీటి పుట్టుకే ఈ ఆలోచనతో: వైద్య విద్య అంతా చాపెల్ హిల్‌లో కూర్చోకుండా రాష్ట్రం నలుమూలలకీ వెళ్ళాలని. పశ్చిమాన కొండల్లో ఆష్‌విల్‌లో ఉన్న కేంద్రంలో ఫ్యామిలీ డాక్టర్ల రెసిడెన్సీ పక్కనే ఫార్మసిస్టుల రెసిడెన్సీ కూడా నడుస్తోంది. ఒకే రోగిని ఇద్దరూ కలిసి చూస్తారు. రేపు డాక్టరై బయటికెళ్ళినవాడికి ఫార్మసిస్టుని ఎప్పుడు పిలవాలో తెలుస్తుంది, ఇదొక లాభం.

ఆష్‌విల్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 1996లో ఆ నగరపాలక సంస్థ తన ఉద్యోగుల్లో షుగరున్నవాళ్ళకి ఒక ఏర్పాటు చేసింది. నెలనెలా ఊళ్ళోని శిక్షణ పొందిన ఫార్మసిస్టు దగ్గర కూర్చుని మాట్లాడితే షుగరు మందులకి వాళ్ళ వాటా డబ్బు కట్టక్కర్లేదు. ఆ ఫార్మసిస్టు సమయానికి నగరం డబ్బు కట్టింది. కొన్నేళ్ళ తర్వాత చూస్తే షుగరు అదుపులోకి వచ్చింది, పనికి సెలవులు తగ్గాయి, మందుల ఖర్చు పెరిగినా మొత్తం వైద్యం ఖర్చు తగ్గింది. ఆ ఫలితాలు 2003లో ఫార్మసిస్టుల సంఘం పత్రికలో అచ్చయ్యాయి. దేశమంతా దాన్ని ఆష్‌విల్ ప్రాజెక్టు అని చెప్పుకుంటుంది. స్వచ్ఛందంగా చేరినవాళ్ళ మీద చేసిన పరిశీలన కాబట్టి మరీ రాతి మీద చెక్కిన సత్యం అనలేం. కానీ నాలుగు గంటల ప్రయాణం దూరంలో, మన రాష్ట్రంలోనే జరిగిన పని ఇది.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఒకవైపు తక్కెడ అవుతుంది. లక్ష ముప్ఫై వేలు సంపాదించబోయేవాళ్ళ చదువుకి పన్ను కట్టేవాళ్ళు ఎందుకు డబ్బివ్వాలని కొందరంటారు. దానికి నా దగ్గర సమాధానముంది. మనం డబ్బిస్తున్నది ఆ పిల్ల చదువుకి కాదు, విలియమ్‌స్టన్ ముసలాయన పక్కన ఆ పిల్ల కూర్చునే గంటలకి. రెండో వాదనకి మాత్రం అంత తేలిగ్గా సమాధానం లేదు. రాష్ట్రం డబ్బిస్తే అందేది ఎవరికి? రాజధాని చుట్టుపక్కల పెద్ద ఆసుపత్రులు ఎలాగూ రెసిడెంట్లని పెట్టుకుంటాయి. వాళ్ళకి మెడికేర్ పద్దు ఉంది, పేరుంది, దరఖాస్తులు వచ్చి పడతాయి. రాష్ట్రం ఇచ్చే డబ్బు అక్కడికే పోతే ఒక్క సీటూ పెరగదు, వాళ్ళ ఖర్చు రాష్ట్రం నెత్తికి మారుతుందంతే. కాబట్టి సీటుకింత అని అందరికీ సమానంగా పంచడం నా దృష్టిలో డబ్బు దండగ. ఇంతకుముందు రెసిడెన్సీ లేని కౌంటీలకి ఇవ్వాలి. పెద్ద ఆసుపత్రి ఆరు నెలలు, చిన్న ఊరి క్లినిక్కు ఆరు నెలలు అని కలిపి నడిపే పద్ధతికైనా ఇవ్వాలి. చిన్న ఊళ్ళో నేర్పేవాళ్ళే లేరంటారు. అదీ నిజమే. అందుకే మొదటి రెండేళ్ళు డబ్బు రెసిడెంటు స్టైపెండుకంటే నేర్పే ఫార్మసిస్టు జీతానికి ఎక్కువ పోవాలి.

మరి డబ్బు తీసుకుని శిక్షణ అవగానే షార్లెట్‌కో, అట్లాంటాకో వెళ్ళిపోతే? బాండు రాయించుకుందామంటారు. బాండు అనగానే మనకి మన ఊళ్ళ గొడవ గుర్తొస్తుంది. 2014లో తెలంగాణలో ఏడాది గ్రామీణ సేవ తప్పనిసరన్నందుకు జూనియర్ డాక్టర్లు వారాల తరబడి సమ్మె చేశారు. చదువంతా పట్నంలో చెప్పి, చివర్లో సౌకర్యాలు లేని చోటికి పొమ్మంటే అది శిక్షలా ఉంటుంది. శిక్షణే ఆ ఊళ్ళో జరిగితే వేరు. అమెరికాలో డాక్టర్ల లెక్క చూస్తే సగానికి పైగా రెసిడెన్సీ చేసిన రాష్ట్రంలోనే స్థిరపడుతున్నారు. ఏడాది ఉన్న ఊళ్ళో మనుషులు తెలుస్తారు, అద్దె ఇల్లు కుదురుతుంది, ఒక్కోసారి పెళ్ళి సంబంధమూ కుదురుతుంది. 2025లో ఫెడరల్ ప్రభుత్వం గ్రామీణ ఆరోగ్యానికని 2026 నుంచి ఐదేళ్ళకి 5,000 కోట్ల డాలర్లు రాష్ట్రాలకి కేటాయించింది. అందులో వైద్య సిబ్బందిని పల్లెలకి రప్పించడానికి ఖర్చు పెడితే వాళ్ళు కనీసం ఐదేళ్ళు అక్కడ పనిచేస్తామని ఒప్పుకోవాలి. ఐదేళ్ళు ఎక్కువని నాకనిపిస్తుంది. ఒక ఏడాది శిక్షణకి రెండేళ్ళ సేవ అయితే పిల్లలు ఆలోచిస్తారు, ఐదంటే దరఖాస్తే పెట్టరు.

రాష్ట్ర డబ్బుకి ఇంకో జబ్బుంది. నిలకడ లేకపోవడం. మన రాష్ట్రంలో 2025 జులై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేనాటికి పూర్తి బడ్జెట్టే ఆమోదం పొందలేదు. రెసిడెంట్లని మార్చిలో ఎంపిక చేస్తారు, జులైకి అటూ ఇటూగా చేరతారు. జులైలో డబ్బొస్తుందో రాదో తెలియకపోతే ఏ చిన్న క్లినిక్కు మార్చిలో మాటిస్తుంది? మిన్నెసోటా వాళ్ళు ప్రత్యేక నిధి అని, ఫలానా పన్నులో వాటా అని కట్టుకున్నది ఇందుకే.

ఈ మాటల్లో మనవాళ్ళకి నేరుగా తగిలే సంగతొకటి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనో, వరంగల్ కాకతీయలోనో బి.ఫార్మసీ చదివి ఇక్కడికొచ్చినవాళ్ళు మన ఊళ్ళో తక్కువేమీ కాదు. వాళ్ళలో ఎంతమంది సాస్ ప్రోగ్రామర్లయ్యారో మీకు తెలుసు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం మన క్యారీలోనే, మందుల పరీక్షల కంపెనీలు పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో. మంచి ఉద్యోగాలే, తప్పు పట్టను. కానీ చాలామందికి ఫార్మసిస్టు కావాలనే ఉండేది. విదేశీ పట్టాలని పరిశీలించే నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ, 2003 జనవరి 1 నుంచి పట్టా పొందేవాళ్ళకి ఐదేళ్ళ కోర్సు ఉండాలని నిబంధన పెట్టింది. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళే. ఆ తేదీకి ముందు పట్టా ఉన్నవాళ్ళకి దారి ఉంది, తర్వాతివాళ్ళకి మూసుకుపోయింది. ఇండియాలో 2008లో ఆరేళ్ళ ఫార్మ్‌డి మొదలయ్యాక మళ్ళీ తెరుచుకుంది. ఎఫ్.పి.జి.ఇ.సి. సర్టిఫికెట్ తెచ్చుకుంటే, గుర్తింపున్న రెసిడెన్సీలకి దరఖాస్తు పెట్టడానికీ అర్హత వస్తుంది. మన భాషలో రోగితో మాట్లాడగలిగిన, మన ఊరి మందుల పేర్లు తెలిసిన ఫార్మసిస్టులు ఈ దేశంలో కావాలంటే, ఈ దారి గురించి మన పిల్లలకీ, అక్కడి మేనకోడళ్ళకీ తెలియాలి.

ఇక ఫోన్ చేసిన అమ్మగారికి. మీ అమ్మాయి షాపులో పనికే వెళ్ళాలనుకుంటే రెసిడెన్సీ అక్కర్లేదు, నిక్షేపంగా చేరమనండి. ఆసుపత్రి వార్డులోనో, డాక్టరు పక్కన క్లినిక్కులోనో పని కావాలంటే మాత్రం ఆ ఏడాది ఇప్పుడు పోగొట్టుకోవద్దు. రెండేళ్ళు షాపులో అలవాటు పడ్డాక జీతం సగానికి తగ్గించుకుని మళ్ళీ విద్యార్థి కావడం ఎంత కష్టమో, ఇంటి అప్పు తీసుకున్నవాళ్ళని అడగండి. ఫెడరల్ అప్పు ఉంటే, లాభాపేక్ష లేని ఆసుపత్రిలో రెసిడెన్సీ చేసిన నెలలు కూడా ప్రజాసేవ అప్పు మాఫీకి కావలసిన 120 వాయిదాల్లో కలుస్తాయి, కాకపోతే ఆ నెలల్లో ఆదాయాన్ని బట్టి కట్టే పద్ధతిలో వాయిదాలు కడుతూ ఉండాలి. స్టూడెంట్ వీసా మీద ఉంటే ఓపీటీ పన్నెండు నెలలే అని గుర్తుంచుకుని, ఆ తర్వాత హెచ్ వన్ సంగతి చేరకముందే ఆసుపత్రిని అడగమనండి. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులకి లాటరీ బెడద లేకపోవచ్చు. ఇంటర్వ్యూలో తను కూడా ప్రశ్నలు వేయమనండి: ఈ సీటుకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, పోయినేడు చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, వారాంతాల్లో ఎన్ని షిఫ్టులు. కొన్నిచోట్ల రెసిడెంటంటే చవగ్గా దొరికిన షిఫ్టు మనిషే. అది ముందే కనిపెట్టాలి.

డిసెంబరు మొదట్లో మిడియర్ అనే పెద్ద సమావేశం జరుగుతుంది, అక్కడ ఆసుపత్రులన్నీ బల్లలు వేసుకుని కూర్చుంటాయి. దరఖాస్తులు చాలావాటికి జనవరి మొదట్లో. మ్యాచ్ ఫలితం మార్చిలో. అందులో రాకపోతే ఏప్రిల్లో రెండో విడత ఉంది, బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఆ రెండో విడతలో మిగిలే సీట్లని చిన్నచూపు చూడొద్దని నా తరపున చెప్పండి.

వచ్చే వారం ఇదే సమయానికి మళ్ళీ కలుద్దాం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళ మందుల డబ్బా దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, ఒక్కొక్కటీ చూసుకుందాం. సెలవు, నమస్కారం.